ఆకాశం నుంచి దిగిన ఇంగ్లీషు

బయోడేటాలో అడ్రసు రాయడం ఏటూరునాగారం పిల్లలకి ఓ చిన్న పరీక్ష. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా. తర్వాత జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరి నుంచి ములుగు. ఊరు కదల్లేదు, పక్కన గోదావరీ కదల్లేదు, జిల్లా పేరే మారుతూ వచ్చింది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న మాత్రం మారలేదు: ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు నేర్పడానికి మనం ఎన్ని యంత్రాలు తెచ్చుకున్నామో చూస్తే, అదే ఒక చరిత్ర.

1958 నుంచి మొదలుపెడదాం. ఆ ఏడాది హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, ఇప్పటి ఇఫ్లూ అదే. అదే ఏడాది, స్పుత్నిక్ దెబ్బకి ఉలిక్కిపడ్డ అమెరికా ఒక విద్యా చట్టం చేసి, భాషలు నేర్పే ల్యాబ్‌లకి డబ్బు కుమ్మరించింది. ఆ ల్యాబ్‌ల పద్ధతికి మూలం రెండో ప్రపంచ యుద్ధం. సైనికులకి పరాయి భాషలు గబగబా నేర్పాల్సి వచ్చి తయారైన పద్ధతి అది. చెవులకి హెడ్‌సెట్టు. విను, అను, మళ్లీ అను. అర్థం తర్వాత, ముందు నాలుక తిరగాలి. అర్ధశతాబ్దం గడిచాక మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ‘ఇంగ్లీష్ ల్యాబ్’ పేరుతో మనం చూసింది దాని మనవణ్ణే.

రెండో దారి ఆకాశం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ‘సైట్’ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ పాఠాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. చెప్పింది వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు, ఇంగ్లీషు కాదు. కానీ ఒక అలవాటు అక్కడ కుదురుకుంది: పాఠం ఎక్కడో పట్నంలో తయారవుతుంది, పల్లె కూర్చుని చూస్తుంది. దాదాపు ఆ రోజుల్లోనే ఏజెన్సీ ప్రాంతాలకి ఐటీడీఏలు వచ్చాయి. వరంగల్ జిల్లా ఐటీడీఏకి కేంద్రం ఏటూరునాగారం.

2004 సెప్టెంబరులో చదువు కోసమే ఎడ్యుశాట్ ఎగిరింది. మన రాష్ట్రంలో ‘మన టీవీ’, కాలేజీల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు, పల్లె యువతకి ఉపాధి శిక్షణలు అన్నీ ఆ దశకంలోనివే. అప్పుడే ఇంగ్లీషు అర్థం కూడా మారింది. అంతకుముందు ఇంగ్లీషంటే గ్రామరు, నాన్‌డీటైల్డు, పరీక్ష. ఇప్పుడు ఫోన్ ఎత్తడం, కస్టమర్‌ని విసిగించకుండా మళ్లీ అడగడం, రెండు లైన్ల మెయిల్ రాయడం. మార్కులిచ్చే భాష కాస్తా జీతమిచ్చే భాష అయింది.

యంత్రాన్ని ఊరికే తిట్టకూడదు. అది చేసిన పెద్ద మేలు ఒకటుంది: తప్పు పలికితే నవ్వదు. క్లాసులో నోరు విప్పని పిల్ల హెడ్‌సెట్టు ముందు పదిసార్లు తప్పు పలికి, పదకొండోసారి సరిచేసుకోగలదు. సిగ్గుకి అంతకంటే మంచి మందు లేదు.

కానీ ఏటూరునాగారం చుట్టుపక్కల గూడేల్లో కథ ఇంకో మెట్టు కింద మొదలవుతుంది. కోయ ఇళ్లల్లో చాలామందికి తెలుగే రెండో భాష. కోయ భాష గోండీకి దగ్గరిది. అందులో ‘నన్న’ అంటే ‘నేను’. తెలుగు పంతులు చెవికి అది ‘నాన్న’లా వినపడొచ్చు. ‘నన్న’ని వదిలి ‘నేను’ దగ్గరికి, అక్కణ్ణుంచి ‘ఐ’ దగ్గరికి. నీ గురించి చెప్పు అని అడిగేలోపు ఆ పిల్ల తన ‘నేను’ని రెండుసార్లు మార్చుకుని వచ్చింది. మన టేపులు, టీవీ పాఠాలు, ‘ముప్పై రోజుల్లో ఇంగ్లీషు’ పుస్తకాలు మాత్రం రెండో మెట్టు మీదే నిలబడి, అందరూ అక్కడే పుట్టారనుకుని మాట్లాడాయి.

ఇప్పుడు యంత్రం జేబులోకి వచ్చింది. తెలంగాణలో 2017లో మొదలైన టీ-శాట్ పాఠాలు ఫోన్‌లోనే చూడొచ్చు. మాటకి మాట బదులిచ్చే యాప్‌లూ ఉన్నాయి. ఇన్నాళ్లూ మాట్లాడింది యంత్రం, విన్నది పిల్లలు. మొదటిసారి యంత్రం వింటోంది. పెద్ద మార్పే. కానీ ‘నీ భాష ఏది?’ అని యాప్ అడిగినప్పుడు ఇచ్చే జాబితాలో తెలుగు కనిపిస్తుంది, కోయ నాకింతవరకూ కనపళ్లేదు.

2024లో ములుగు దగ్గర జాకారంలో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం క్లాసులు మొదలయ్యాయి. తాత్కాలికంగా ఇచ్చిన భవనం, అంతకుముందు గిరిజన యువతకి ఉపాధి శిక్షణ ఇవ్వడానికి కట్టిన కేంద్రం. మొదటి కోర్సుల్లో ఒకటి బీఏ ఇంగ్లీషు. నిన్నటిదాకా ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీషు నేర్చుకున్న ప్రాంతంలోనే ఇక ఆ భాషని పట్టుకుని ఎదురు ప్రశ్నలు వేసేవాళ్లు కూడా తయారవుతారు. వాళ్లలో ఎవరో ఒకరు ‘నన్న’ దగ్గర మొదలయ్యే ఇంగ్లీషు పాఠం రాస్తే, దాన్ని మోయడానికి యంత్రాలకేం కొదవలేదు.