కొట్టానికో ఫోటో

మా గోదావరిఖనిలో చరిత్ర అడిగితే చాలు, తేదీలు ఒప్పజెప్పేవాళ్ళు వీధికి నలుగురు దొరుకుతారు. 1871లో కింగ్ దొరగారు ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1960ల తొలినాళ్ళకి గనులు మా రామగుండం వైపు వచ్చాయి. వాటి పక్కన పెరిగిన ఊరే గోదావరిఖని. 1978లో ఎన్.టి.పి.సి.కి శంకుస్థాపన, 1983లో మొదటి యూనిట్. ఏ యంత్రం ఏనాడు తిరిగిందో కాగితాల మీద భద్రంగా ఉంది.

మరి గనులు రాకముందు ఇక్కడి వాళ్ళు పండించిన గింజ ఎక్కడ దాచుకున్నారు? ఎవరు దాచారు? దానికి తేదీలు లేవండీ. రామగిరి గుట్టల చుట్టూ ఉన్న పల్లెల్లో, ఇళ్ళ వెనకాల, వానకి నాని ఎండకి పగిలి ఇంకా నిలబడ్డ పాత కొట్టాలే దానికి ఆనవాళ్ళు. సెలవు దొరికితే నేను కెమెరా పట్టుకుని పోయేది వాటి దగ్గరికే. "పక్కన అంత ఖిల్లా ఉండగా కొట్టాలేమిటి నీకు?" అని మా వారు నవ్వుతారు. ఖిల్లాకి ఫోటోలు తీసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కొట్టానికి ఎవరున్నారు చెప్పండి?

పట్నంలో పుట్టిన చెల్లెళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. కొట్టమంటే పశువుల్ని కట్టేసే చోటు మాత్రమే అనుకోకండి. మట్టిని తొక్కి ఒక వరుస పెట్టి, అది ఆరాక ఇంకో వరుస పెట్టి లేపిన గోడలు. కర్ర గుంజలు, తాటి వాసాలు, పైన గూన పెంకులు. ఒక పక్క ఎడ్లు, ఒక పక్క నాగలి, గొర్రు. ఆ మూల గుమ్మి. గుమ్మి అంటే వెదురుబద్దలతో అల్లిన నిలువెత్తు బుట్ట. లోపలా బయటా పేడా మట్టీ కలిపి మెత్తి, చెదలు పట్టకుండా, చెమ్మ ఎక్కకుండా రాళ్ళ మీద నిలబెడతారు. పైనుంచి ధాన్యం పోసి మూతి మూసేస్తారు. కావలసినప్పుడు అడుగున ఉన్న చిన్న కంత తెరిస్తే ముందు పోసిన గింజ ముందు జారుతుంది. మన స్టీలు డబ్బాల్లో పాత పప్పు అడుగున ఉండిపోయి పురుగు పట్టడం లేదూ? ఆ బెంగ గుమ్మికి లేదు!

ఇలా మారుమూల బతుకుల్ని ఫోటోల్లో దాచిన దంపతులు మాకు మరీ దూరం వాళ్ళేం కాదు. గోదావరి దాటి ఆదిలాబాదు కొండల్లోకి వెళితే మార్లవాయి అనే గోండు పల్లె ఉంది. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త, ఆయన భార్య బెట్టీ అక్కడే కాపురం పెట్టారు. ఆయన తీసిన ఫోటోలు ఇవాళ లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో పదిలంగా ఉన్నాయి. 1987లో కన్నుమూసిన బెట్టీకి సమాధి కట్టింది మాత్రం మార్లవాయిలోనే. ఆమెకి అదే పుట్టిల్లయిపోయింది కాబోలు.

ఇక గనుల సీమలో కెమెరా ఎలా పట్టుకోవాలన్న పాఠం నాకు ఇంకో జంట దగ్గర దొరికింది. జర్మనీలో జీగెన్ అనే చోట గుట్టలున్నాయి, ఒకప్పుడు ఇనుప గనులూ ఉండేవి. ఆ ఊళ్ళో పుట్టిన బెర్న్ బెహర్ ఒక పాత గనిని బొమ్మ గీస్తూ కూర్చున్నాడట. బొమ్మ పూర్తయ్యేలోగానే గనిని కూల్చేస్తున్నారు. చేతివేగం చాలక కెమెరా పట్టాడు. 1959 నుంచి హిల్లా అనే ఫోటోగ్రాఫరు ఆయనతో కలిసి పనిచేసింది. 1961లో పెళ్ళాడారు. ఇద్దరూ మబ్బు పట్టిన రోజు చూసుకుని, ఎదురుగా నిటారుగా నిలబడి, నీడలు లేకుండా గని గోపురాలనీ నీళ్ళ ట్యాంకులనీ వరసగా తీసేవారు. ఆ చుట్టుపక్కల పనివాళ్ళ కర్రచట్రాల ఇళ్ళని కూడా అలాగే తీశారు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఏ ఇంటి పోలిక ఏమిటో తెలిసిపోతుంది.

నేనూ మొదట అలాగే ఎదురుగా నిలబడి ఒకటి తీస్తాను. రెండోదానికి మాత్రం ఏటవాలు ఎండ కావాలి. ఎందుకో ఒక అవ్వ చెప్పింది.

"పడావు పడ్డ కొట్టాన్ని ఫోటో తీసుడేంది బిడ్డా?" అని వచ్చి పక్కన నిలబడిందామె. తర్వాత గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. అలికినప్పుడు అరచెయ్యి తిరిగిన చోటల్లా అర్ధచంద్రాలు. "గిది నా చెయ్యి. గా పెచ్చు ఊడిన కాడ, లోపల కనవడ్తున్నది చూడు, అది మా అత్త చెయ్యి." నిజమే, లోపలి పొర మీద వంపులు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నాయి. నడి మధ్యాహ్నం చూస్తే అది ఉత్త మట్టిగోడ. పొద్దుటి ఎండ పక్కనుంచి పడితే అత్తా కోడళ్ళిద్దరూ కనిపిస్తారు.

ఈ ఫోటోలకి తొందరెందుకంటారా? భూగర్భ గని అయితే పని కింద సాగుతుంది, పైన పల్లె చాలావరకు ఉంటుంది. ఓపెన్‌కాస్ట్ గనికి పైమట్టి అంతా ఎత్తిపోయాలి. ఊరు కదలక తప్పదు. 2013 నాటి భూసేకరణ చట్టంలో కట్టడానికి విలువ కట్టడానికి ఇంజనీరు సాయం తీసుకోవచ్చని ఉంది. ఆ ఇంజనీరు గోడ పొడవు, ఎత్తు కొలుస్తాడు. గుంజలు లెక్కపెడతాడు. అది ఆయన పని, జరగాల్సిందే. కానీ అత్తగారి చేతి వంపుని ఏ గడిలో రాస్తాడు పాపం? కరెంటు అరగంట పోతే చిరాకు పడే నేను బొగ్గు వద్దనలేను. పోయేదేమిటో ఒకసారి సరిగ్గా చూసుకుని పంపుదామంటున్నాను, అంతే.

అందుకని ఇప్పుడు ఫోటో వెనక మూడు మాటలు రాస్తున్నాను: ఈ కొట్టంలో ఏం దాచేవారు, ఎవరు మెత్తారు, ఆఖరిసారి అలికింది ఎప్పుడు. మొదటి ప్రశ్నకి మగవాళ్ళూ జవాబు చెబుతారు. మిగతా రెండింటికీ ఇంట్లోంచి ఎవరో ఆడమనిషిని పిలుస్తారు.

మీ పుట్టింటి పల్లెలోనూ ఇలాంటి కొట్టం ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు పిల్లలకి ఎదురుగా నిలబడి ఫోటోలు తీస్తారు కదా, అలాగే దానికీ ఒకటి తియ్యండి. పొద్దున్నే తియ్యండి. మీ అమ్మమ్మనో మేనత్తనో ఆ గోడ దగ్గరికి తీసుకువెళ్ళి, ఏ చెయ్యి ఎవరిదో అడిగి రాసుకోండి.