సాంబశివుడు కాదు, సాంబా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. డీఏ బకాయిల మీద ఎలాగూ అందరూ రాస్తారు కనుక నేను కంప్యూటరు సంగతి ఎత్తుకుంటున్నాను. మిత్రులు మన్నించాలి.

1990ల చివర్లో మా కార్యాలయంలో రెండు జాతుల కంప్యూటర్లుండేవి. లెక్కల విభాగంలో పాత యూనిక్స్ యంత్రం, మిగతా చోట్ల కొత్తగా వచ్చిన విండోస్ పెట్టెలు. ఒకదాని ఫైలు రెండోదానికి అందదు. అక్కడ ప్రింటు తీసి ఇక్కడ మళ్లీ టైపు చేసేవాళ్లం. అలా చేస్తూ, రిటైరవబోయే ఒక అటెండరుగారి జీపీఎఫ్ నిల్వలో రెండంకెలు తారుమారు చేశాను. కూతురి పెళ్లి పెట్టుకుని ఆయన మూడు నెలలు మా సెక్షను చుట్టూ తిరిగారు. తప్పు నాదేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ తరువాత ఒక కుర్ర ఇంజనీరు వచ్చి యూనిక్స్ యంత్రంలో 'సాంబా' వేశానన్నాడు. సాంబశివుడి పేరేమో అనుకున్నాం. మర్నాటి నుంచి యూనిక్స్ ఫైళ్లు విండోస్ తెర మీదే కనిపించాయి! డబ్బు కట్టనక్కర్లేదంటే మా సూపరింటెండెంటుగారు నమ్మలేదు.

దాని పుట్టుక ఆస్ట్రేలియాలో. 1991 డిసెంబరులో కాన్‌బెర్రాలోని జాతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్‌కు తన డాస్ కంప్యూటరు నుంచి యూనిక్స్ డిస్కు వాడుకోవలసిన అవసరం వచ్చింది. ఆయన దగ్గరున్నది డెక్ కంపెనీ పాథ్‌వర్క్స్. అది ఏ భాషలో మాట్లాడుతుందో ఆయనకు తెలియదు. తీగ మీద పోయే ప్రశ్నలనూ వాటికి వచ్చే జవాబులనూ పట్టి చూసి, అవే జవాబులిచ్చే ప్రోగ్రాము రాశారు. కొత్త గుమాస్తా పాత నోట్‌ఫైళ్లు తిరగేసి పని నేర్చుకోవడం మనకు తెలియనిదా? 1992 మొదట్లో దాన్ని ఉచితంగా అందరికీ ఇచ్చి తన పనిలో పడిపోయారు. 1993 చివర్లో భార్య విండోస్ కంప్యూటరును తన లైనక్స్ యంత్రానికి కలపబోతే, అదే ప్రోగ్రాము అక్కడా పనిచేసింది. ఆ భాష అసలు ఐబీఎంలో పుట్టి మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగిన ఎస్సెంబీ అని అప్పటికిగానీ తేలలేదు. తాను పెట్టిన పాత పేరు మరో కంపెనీదని తెలిసి, ఎస్, ఎం, బీ వరుసగా వచ్చే మాటల కోసం నిఘంటువు వెదికించారు. బ్రెజిల్ నాట్యం పేరు దొరికింది.

భాష బయటపెట్టడానికి మైక్రోసాఫ్ట్ చాలాకాలం ఒప్పుకోలేదు. 2004లో యూరోపియన్ కమిషన్ 49 కోట్ల యూరోలకు పైగా జరిమానా వేసి, వివరాలివ్వమంది. సాంబా బృందం అక్కడ సాక్ష్యం చెప్పింది. 2007 సెప్టెంబరులో కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఆ డిసెంబరులో పదివేల యూరోలు ఒక్కసారి కట్టించుకుని ఆ కాగితాలు సాంబావారికి అందేలా ఒప్పందమైంది. అప్పటికి నా రిటైర్మెంటుకు నెలలే మిగిలాయి. అటెండరుగారి ఫైలు ఏనాడో రికార్డు రూముకు చేరింది.