క్రెసింగ్ కొఠారులు

మధ్యయుగమునాటి క్రైస్తవ సైనిక సంఘములనగానే మన విద్యార్థులకు పాలస్తీనాలోని దుర్గములు స్మరణకు వచ్చును. ఆ దుర్గములను పోషించిన ధనమెచ్చట కూడినదని యడుగువారు తక్కువ. ఇంగ్లండులో ఎసెక్స్ మండలమునందలి క్రెసింగ్ టెంపుల్ అను చోట నేటికిని నిలిచియున్న రెండు కొయ్య కొఠారులు ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నవి.

1137లో స్టీఫెన్ రాజు భార్యయగు మెటిల్డా రాణి ఈ గ్రామమును టెంప్లర్లకు దానము చేసెను. కొలది యేండ్లకే పొరుగుననున్న విథమ్ కూడ వారి వశమయ్యెను. అచ్చట వారు 13వ శతాబ్ది ఆదిని రహదారి వెంట క్రొత్త వీధి నేర్పరచి సంత నెలకొల్పిరి. ఈ భూముల పాలనకై క్రెసింగ్‌లో వెలసిన స్థానమును ప్రిసెప్టరీ యందురు. దానిని మఠమనుటకంటె కచేరి యనుటయే యుక్తమని మా యభిప్రాయము. ప్రార్థనామందిరము నందు ఉండెడిది, నిజమే; కాని శిస్తు వసూలు, పంట నిలువ, లెక్కవ్రాత యనునవి దాని నిత్యకృత్యములు. ఆదాయమున కొంతభాగము, వాడుకగా మూడవవంతు, తూర్పుదేశములకు పంపవలసియుండెను. 1185లో ఈ సంఘమువారు ఇంగ్లండునందలి తమ భూములను గూర్చి సిద్ధపరచిన పట్టికలో కౌలుదార్ల పేర్లు, వారు చెల్లించు పైకము, చేయవలసిన వెట్టిపనులు కానవచ్చుచున్నవి. మన కరణముల లెక్కలు చూచినవారికి అది క్రొత్తగా తోచదు.

కొయ్యలోని వార్షికవలయములను బట్టి బార్లీ కొఠారు 1205-1235 నడుమను, గోధుమ కొఠారు 1257-1280 నడుమను నరికిన మ్రాకులతో కట్టినవని నిర్ణయించిరి. లోపల నడుమ విశాలమైన నడవ, ఇరుప్రక్కల స్తంభపంక్తులు. ధాన్యమునకు కట్టిన చర్చియా యనిపించును.

1312లో పోపు ఐదవ క్లెమెంటు టెంప్లరు సంఘమును రద్దుచేసి దాని యాస్తులను హాస్పిటలర్లకు ఒప్పగించెను. యజమానులు మారిరి, కచేరి మారలేదు. 1381 రైతుల తిరుగుబాటున జూన్ 10వ తేదీని జనులు క్రెసింగ్‌పై బడి దోచిరి. హాస్పిటలర్ల ఇంగ్లండు అధిపతి రాబర్ట్ హేల్స్ అప్పుడు రాజ్య కోశాధికారి. తలపన్ను వలన ప్రజల ద్వేషమునకు గురియైనవాడు. నాలుగు దినములకు లండనులో వారతని శిరస్సు ఖండించిరి. ఈ దాడికి హేల్స్‌పై గల పగయే కారణమనవచ్చును గాని, అది యంతయు కాదని మేము తలంచుచున్నాము. ఆ రైతులకు కోశాధికారి పన్నును, ఊరి కచేరి శిస్తును వేర్వేరుగా తోచియుండవు.

అయినను కొఠారులు నిలిచినవి. 1540లో ఎనిమిదవ హెన్రీ హాస్పిటలర్లను తొలగించిన పిమ్మట వచ్చిన భూస్వాములకును పంట దాచుకొను చోటు కావలసియుండెను. ప్రార్థనామందిరమట్టి యవసరము లేక నశించినది. కొఠారులున్న ఆ స్థలమును 1987లో ఎసెక్స్ కౌంటీ కౌన్సిలు కొనినది.