ఆరోగ్య ఆందోళన: చరిత్ర

తనకు పెద్ద జబ్బు ఉందనో, రాబోతోందనో భయం మనసులో పాతుకుపోయి, పరీక్షల్లో ఏమీ తేలకపోయినా వదలకుండా, రోజువారీ జీవితాన్ని దెబ్బతీసే స్థితిని ఆరోగ్య ఆందోళన అంటారు. పాత వైద్యగ్రంథాల్లో దీని పేరు హైపోకాండ్రియా. తెలుగులో రోగభయం, రోగభ్రమ అనే మాటలు కూడా వాడుకలో ఉన్నాయి. ఈ స్థితిలో ఉన్నవారికి కలిగే దడ, నొప్పి, తిమ్మిరి నిజమైనవే. వాటికి ఇచ్చుకునే అర్థంలోనే పొరపాటు ఉంటుంది. ఈ రెండింటినీ విడదీసి చూడటానికి వైద్యశాస్త్రానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది రోగులే.

లక్షణాలు, వాటి హెచ్చుతగ్గులు

గుండె దడ, ఛాతీ పట్టేసినట్టుండటం, ఊపిరి చాలనట్టనిపించడం, తల తేలిపోవడం, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, గొంతులో ఏదో అడ్డుపడినట్టుండటం, కండరాలు అదరడం, కడుపు ఉబ్బరం, విరేచనాలు తరచుగా కనిపించే లక్షణాలు. ఇవి నిలకడగా ఉండవు. పొద్దున ఛాతీలో ఉన్న బాధ సాయంత్రానికి కడుపులోకి మారవచ్చు. పనిలో మునిగినప్పుడు తెలియకుండా పోయి, రాత్రి పడక మీద చేరగానే మళ్లీ మొదలు కావచ్చు.

ఈ హెచ్చుతగ్గులకు శరీరంలోనే కారణాలున్నాయి. భయపడినప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, పేగుల కదలిక మారుతుంది. తెలియకుండానే ఊపిరి గబగబా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లకు, పెదవుల చుట్టూ తిమ్మిరి వస్తుంది, తల తిరుగుతుంది. ధ్యాస ఎక్కడ నిలిస్తే అక్కడి చిన్న స్పర్శ కూడా పెద్దదిగా తెలుస్తుంది. మెడలో గడ్డ ఉందేమోనని పదే పదే నొక్కి చూస్తే ఆ చోట నిజంగానే నొప్పి పుడుతుంది, ఆ నొప్పే జబ్బుకు కొత్త సాక్ష్యంగా తోస్తుంది. రిపోర్టు నార్మల్ అని వస్తే కాసేపు ఊరట దొరుకుతుంది. ఆ తర్వాత పరీక్షలో ఏదైనా తప్పిపోయిందేమోనన్న శంక తలెత్తుతుంది. అనుమానం పెనుభూతమని తెలుగు సామెత చెప్పేది సరిగ్గా ఈ పెరుగుదల గురించే.

ప్రాచీన భావనలు

గ్రీకు వైద్యులు ఈ బాధకు స్థానం పొట్ట పైభాగంలో, పక్కటెముకల కింద ఉందనుకున్నారు. క్రీ.శ. రెండో శతాబ్దానికి చెందిన గాలెన్ దీన్ని నల్లపిత్తం వల్ల కలిగే విషాదరోగంలో ఒక రకంగా లెక్కించాడు. పొట్టలో పుట్టిన ఆవిర్లు మెదడుకెక్కి దిగులును, భయాన్ని కలిగిస్తాయని ఆయన వివరణ. ఆయన సిద్ధాంతం యూరపులో పదమూడు వందల ఏళ్లకు పైగా చెలామణి అయింది.

భారతీయ వైద్యం భయానికి, దేహానికి ఉన్న సంబంధాన్ని మరో దారిలో గుర్తించింది. చరకసంహిత అతిసారాన్ని ఆరు రకాలుగా విభజిస్తూ, భయం వల్ల కలిగేదాన్ని, శోకం వల్ల కలిగేదాన్ని విడివిడిగా పేర్కొంది. వీటికి వాతాన్ని తగ్గించే మందులతో పాటు రోగికి సంతోషం కలిగించడం, ధైర్యం చెప్పడం కూడా చికిత్సలో భాగమని చెప్పింది. ఇది రోగభయం గురించిన వివరణ కాదు. అయినా మనసులో పుట్టిన భయం పేగుల్లో నిజమైన వ్యాధిగా కనిపిస్తుందని ఒప్పుకుని, దాన్ని చికిత్సకు అర్హమైనదిగా చూసిన తొలి గ్రంథాల్లో ఇది ఒకటి.

హేళన, ఆత్మపరిశీలన

1621లో రాబర్ట్ బర్టన్ ప్రచురించిన ‘ది అనాటమీ ఆఫ్ మెలంకలీ’ ఈ బాధను విషాదరోగంలో ఒక శాఖగా విస్తారంగా వర్ణించింది. 1682లో ఆంగ్ల వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ స్త్రీలలో హిస్టీరియా అనేదీ, పురుషులలో హైపోకాండ్రియా అనేదీ దాదాపు ఒకటేనని వాదించాడు.

అదే శతాబ్దంలో హేళన కూడా స్థిరపడింది. 1673 ఫిబ్రవరిలో పారిస్‌లో మోలియేర్ నాటకం ‘ల మలాద్ ఇమజినేర్’ తొలిసారి ప్రదర్శించారు. లేని రోగాలను ఊహించుకునే ఆర్గాన్ పాత్రను ఆయనే ధరించాడు. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్న మోలియేర్ నాలుగో ప్రదర్శన నాడు, ఫిబ్రవరి 17న, వేదికపై అస్వస్థుడై అదే రాత్రి మరణించాడు. నాటకం వైద్యుల డాంబికాన్ని కూడా ఎండగట్టింది. కానీ జనం మనసులో మిగిలింది ఆర్గాన్ బొమ్మే. ఇప్పటికీ రోగభయం ఉన్నవారు తమ బాధను ఇంట్లో చెప్పుకోలేకపోవడానికి అలాంటి నవ్వు ఒక కారణం.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో వైఖరి కొంత మారింది. 1733లో వైద్యుడు జార్జ్ చెయిన్ ‘ది ఇంగ్లిష్ మాలడీ’ గ్రంథంలో దీన్ని నరాల వ్యాధిగా వర్ణిస్తూ తన సొంత అనుభవాన్ని కూడా రాశాడు. రచయిత జేమ్స్ బాస్వెల్ 1777 నుంచి 1783 వరకు ‘లండన్ మ్యాగజైన్’లో ‘ది హైపోకాండ్రియాక్’ అనే శీర్షికతో 70 వ్యాసాలు రాశాడు. బాధపడేవాడే కలం పట్టి తన స్థితిని చెప్పుకోవడం ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు.

ఓర్చుకునే మార్గం గురించి స్పష్టంగా రాసినవాడు తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్. తన ఛాతీ ఇరుకుగా, చదునుగా ఉండటం వల్ల గుండెకు, ఊపిరితిత్తులకు చోటు చాలక రోగభయం కలిగిందని, ఒక దశలో బతుకు మీదే విసుగు పుట్టిందని 1798లో ఆయన రాశాడు. ఆ ఒత్తిడి శరీర నిర్మాణం వల్ల వచ్చింది కాబట్టి పోయేది కాదని గ్రహించాక, దాని మీది నుంచి ధ్యాస మళ్లించడం నేర్చుకున్నాడు. ఛాతీలో బిగువు అలాగే ఉండిపోయింది, ఆలోచనల్లోనూ పనుల్లోనూ ప్రశాంతత మాత్రం దక్కింది. లక్షణం పూర్తిగా పోతేనే జీవితం మొదలవుతుందని ఎదురు చూడనక్కర్లేదన్నది ఆయన అనుభవ సారం. ఆధునిక చికిత్స చెప్పేదీ దాదాపు ఇదే.

గుండె వైపు మళ్లిన చూపు

అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసంతో ఆసుపత్రులకు వచ్చేవారు. ఫిలడెల్ఫియా వైద్యుడు జేకబ్ మెండెస్ డా కోస్టా మూడు వందల మందికి పైగా సైనికులను పరిశీలించి 1871లో తన వ్యాసం ప్రచురించాడు. వారిలో చాలామందికి గుండె నిర్మాణంలో లోపమేదీ కనిపించలేదు. అయినా వారు నటిస్తున్నారని ఆయన తీర్పు చెప్పలేదు, గుండె పనితీరులో తేడా ఉందన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో థామస్ లూయిస్ ఇదే స్థితిని మళ్లీ అధ్యయనం చేశాడు. 1915లో వాల్టర్ కానన్ భయం, కోపం కలిగినప్పుడు అడ్రినలిన్ శరీరాన్ని ఎలా మారుస్తుందో ప్రయోగాలతో వివరించాడు. జబ్బు లేకుండా దడ ఎలా వస్తుందన్న ప్రశ్నకు శాస్త్రీయమైన జవాబుకు దారి తెరుచుకుంది అక్కడే.

చార్లెస్ డార్విన్ ఉదంతం ఇంకో కోణం చూపిస్తుంది. ఆయన 1849 నుంచి 1855 వరకు తన ఆరోగ్యం గురించి డైరీ రాశాడు, మాల్వెర్న్‌లో డాక్టర్ గల్లీ వద్ద జలచికిత్స తీసుకున్నాడు. ఆయన బాధలకు ఆందోళన కారణమా, శరీరంలోని జబ్బా అన్న చర్చ నేటికీ తెగలేదు. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చని మరచిపోకూడదు.

వలయాన్ని అర్థం చేసుకోవడం

1967లో ఇస్సీ పిలోవ్‌స్కీ వైట్లీ ఇండెక్స్ అనే ప్రశ్నావళిని రూపొందించడంతో ఈ భయాన్ని కొలిచే వీలు కలిగింది. 1980లో మానసిక రుగ్మతల అమెరికన్ వర్గీకరణ గ్రంథం డీఎస్‌ఎం-3 హైపోకాండ్రియాసిస్‌కు స్పష్టమైన ప్రమాణాలు ఇచ్చింది.

అసలైన మార్పు 1986లో వచ్చింది. బ్రిటన్‌లో పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ ఈ స్థితిని ఒక వలయంగా వివరించారు. శరీరంలో చిన్న మార్పు కనబడుతుంది, దాన్ని ప్రాణాపాయంగా అర్థం చేసుకుంటారు, భయం పుడుతుంది, భయం కొత్త లక్షణాలను తెస్తుంది. దాంతో పదే పదే తడిమి చూసుకోవడం, ఇంట్లోవారిని, డాక్టర్లను అడిగి హామీ తెచ్చుకోవడం మొదలవుతాయి. హామీతో ఊరట కలుగుతుంది, కానీ మళ్లీ హామీ కావాలనే అవసరాన్ని అది ఇంకా పెంచుతుంది. ఏమీ లేదు అని వందసార్లు చెప్పినా రోగి ఎందుకు కుదుటపడడో అప్పుడు అర్థమైంది. తప్పు రోగి మొండితనంలో లేదు, ఆ వలయం పనిచేసే తీరులో ఉంది.

చికిత్స

ఈ అవగాహన ఆధారంగానే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని రోగభయానికి అన్వయించారు. రోగి బాధను నిజమని ఒప్పుకుని, దానికి మరో వివరణ కూడా సాధ్యమేనని ఇద్దరూ కలిసి పరీక్షిస్తారు. తడిమి చూసుకోవడం, ఇంటర్నెట్‌లో వెతకడం, హామీ అడగడం క్రమంగా తగ్గిస్తారు. చూసుకోవాలన్న తహతహ పుట్టగానే కొంతసేపు ఆపి, అది తనంతట తానే తగ్గడాన్ని గమనించడం అలవాటు చేస్తారు. భయంతో మానేసిన నడక, మెట్లెక్కడం, ప్రయాణాలు మళ్లీ మొదలుపెడతారు. పరీక్షల కోసం ఊరూరా డాక్టర్లను మార్చకుండా ఒకే డాక్టరును నిర్ణీత వ్యవధిలో కలవడం మేలు చేస్తుంది. అవసరమైతే మెదడులో సెరటోనిన్‌పై పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు వాడతారు.

2004లో ఆర్థర్ బార్‌స్కీ, డేవిడ్ అహెర్న్ 187 మందిపై చేసిన ప్రయోగంలో ఆరు విడతల చికిత్సతో ప్రయోజనం కనిపించింది. పీటర్ టైరర్ బృందం ఇంగ్లండులో గుండె, జీర్ణకోశ, నరాల తదితర విభాగాల ఔట్‌పేషెంట్లలో 444 మందిని ఎంచుకుని చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ప్రత్యేక శిక్షణ పొందిన సిబ్బంది ఇచ్చిన 5 నుంచి 10 విడతల చికిత్స ప్రయోజనం తర్వాతి సంవత్సరాల్లోనూ నిలిచింది.

భారతదేశంలో

1960లో మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ ధాత్ సిండ్రోమ్‌కు ఆ పేరు పెట్టారు. వీర్యనష్టం వల్ల శరీరం క్షీణిస్తోందనే భయంతో యువకులు నీరసం, ఒళ్లునొప్పులు, దడ అనుభవించే స్థితి ఇది. రోగభయం ఏ రూపం దాల్చాలో ఆ సమాజపు నమ్మకాలు కూడా నిర్ణయిస్తాయని ఇది చూపిస్తుంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం అందించే టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు.

నేటి స్థితి

2013లో డీఎస్‌ఎం-5 హైపోకాండ్రియాసిస్ అనే పేరు తీసేసి, శారీరక లక్షణాల తీవ్రతను బట్టి రెండు వేర్వేరు రుగ్మతలుగా విభజించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 మాత్రం ఆ పేరును కొనసాగిస్తూ అబ్సెసివ్ కంపల్సివ్ రుగ్మతల కుటుంబంలో చేర్చింది.

2023లో స్వీడన్ పరిశోధకులు ఈ నిర్ధారణ పొందిన 4,129 మంది వివరాలను పరిశీలించారు. పోల్చిన ఇతరులకంటే వీరిలో మరణాల ముప్పు 84 శాతం ఎక్కువగా ఉంది. సహజ కారణాల వల్ల కలిగే మరణాలు, ఆత్మహత్యలు రెండూ ఎక్కువే. దీన్ని చదివి భయపడాల్సిన పని లేదు, ఇది కొద్దిమందికే నిర్ధారణ అయ్యే తీవ్రస్థితికి సంబంధించిన లెక్క. కానీ ఊరికే ఊహించుకుంటున్నాడని కొట్టిపారేసే కుటుంబాలూ వైద్యులూ దీన్ని గమనించాలి. రోగభయం ఉన్నవారికీ జబ్బులు వస్తాయి. కొత్త లక్షణం కనిపిస్తే ఒకసారి సరిగా పరీక్షించాలి, ఛాతీ నొప్పితో చెమటలు పట్టడం, మాట తడబడటం, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పడం వంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పరీక్ష పూర్తయి జబ్బు లేదని తేలాక కూడా భయం మిగిలితే, దానికీ చికిత్స ఉందని చెప్పి ఆ చికిత్స దాకా చేర్చడం వైద్యుడి బాధ్యతలో భాగం.