విదేశాల్లో మన బ్రాండ్ పేరు: ట్రేడ్‌మార్క్, నకిలీల గురించి తెలుసుకోవాల్సినవి

గోలేటి, గోదావరిఖని లాంటి సింగరేణి ఊళ్ళ నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళ బ్యాగుల్లో పచ్చళ్ళు, మసాలాలు, అత్తర్లు కనిపిస్తాయి. అక్కడి దుకాణాల్లో గిరాకీ వస్తే ఇంట్లో మొదలైన పని ఎగుమతి వ్యాపారం అవుతుంది. అప్పుడు ముందు చూసుకోవాల్సింది ఒకటే: ఆ పేరు అక్కడ ఎవరి పేరు మీద రిజిస్టర్ అయింది?

ట్రేడ్‌మార్క్ అంటే?

సరుకు ఎవరిదో చెప్పే పేరు లేదా గుర్తు. హైదరాబాద్‌లో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్‌ను దాని మీది హబ్షీ బొమ్మ చూసే గుర్తుపడతాం. అదే గుర్తుకున్న బలం.

మన దేశంలో

1999 ట్రేడ్‌మార్క్ చట్టం కింద తెలంగాణ వాళ్ళ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో సరుకు తరగతికి ఫీజు 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్ళు ఉంటుంది, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. నకిలీ గుర్తు వేసినవాళ్ళకు 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.

సరిహద్దు దాటితే

ఈ హక్కు మన దేశం వరకే. హైదరాబాదీ హలీంకు 2010లో వచ్చిన జీఐ గుర్తింపు కూడా అంతే, వేరే దేశంలో రక్షణ కావాలంటే అక్కడి చట్టం ప్రకారం తీసుకోవాల్సిందే.

పెద్ద కంపెనీలకూ ఇదే రూలు. టయోటా 1997లో జపాన్‌లో ప్రియస్ కారు తెచ్చింది. ఢిల్లీలోని ఒక విడిభాగాల కంపెనీ 2001 నుంచి ఇక్కడ అదే పేరు వాడింది. అప్పటికే ఆ పేరు భారత్‌లో ప్రసిద్ధమని టయోటా రుజువు చేయలేకపోయింది. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది.

ఏం చేయాలి?

• ముందు ఇక్కడ దరఖాస్తు పెట్టండి. 6 నెలల్లోపు బయటి దేశంలో పెడితే, ఇక్కడి తేదీనే అక్కడా అడగొచ్చు.

• చాలా దేశాలు కావాలంటే మాడ్రిడ్ విధానం ఉంది. భారత్ 2013లో, యూఏఈ 2021లో చేరాయి. ఒకే దరఖాస్తు జెనీవాకు వెళ్తుంది, కానీ ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆయా దేశాలే చూస్తాయి. మొదటి 5 ఏళ్ళలో ఇక్కడి మార్కు రద్దయితే అక్కడిదీ పోతుంది.

• దరఖాస్తు మీ పేరు మీదే ఉండాలి. అక్కడి డీలర్ తన పేరు మీద చేయించుకుంటే, రేపు మీ సరుకునే నకిలీ అని ఆపించగలడు.

నకిలీ దొరికితే

సరుకు కొని బిల్లు, ఫోటోలు, బ్యాచ్ నంబర్ దాచండి. అసలుకూ నకిలీకీ ఉన్న తేడాలు రాసి పెట్టుకోండి. ఆ దేశపు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో అక్కడి వకీలు ద్వారా ఫిర్యాదు చేయండి. దుబాయ్ లాంటి చోట్ల కస్టమ్స్‌లో మార్కు నమోదు చేయిస్తే సరుకును పోర్టులోనే ఆపే వీలుంటుంది.

సర్టిఫికెట్ లేకపోతే ఈ దారుల్లో చాలావరకు మూసుకుపోతాయి. అందుకే మొదటి కార్టన్ పంపకముందే దరఖాస్తు పెట్టడం మేలు.