2857 నంబర్ బస్సు: తుప్పు తీసేస్తే చరిత్ర కూడా పోతుందా?

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత బస్సు గురించి మాట్లాడుకుందాం. దాదాపు ముప్పై ఏళ్లు పొలంలో పడి ఉన్న బస్సు. కిటికీ అద్దాలు పగిలిపోయాయి, సీట్లు లేవు, ఇంజిన్ లేదు, ఎక్కడ చూసినా తుప్పు. లోపల కలప, పనిముట్లు పెట్టుకునేవాళ్లు. మన దగ్గరైతే పాత ఇనుప సామాన్లవాడు ఎప్పుడో కిలోల లెక్కన తూకం వేసి పట్టుకెళ్లిపోయేవాడు. ఆ బస్సుని 2001లో ఒక మ్యూజియం 4,92,000 డాలర్లు పెట్టి కొంది. కొన్నాక రిపేర్‌కి ఇంకో మూడు లక్షల డాలర్ల పైనే అయింది.

ఎందుకంత? ఇది అందరికీ వచ్చే డౌట్. నాకు దీనికంటే పెద్ద డౌట్ ఇంకోటి ఉంది. చరిత్ర చూసిన వస్తువుకి తుప్పు గీకేసి, కొత్త రేకు వేసి, కొత్త అద్దాలు బిగిస్తే, అది ఇంకా అదే బస్సా? ఈరోజు మెయిన్ పాయింట్ ఇదే.

ముందు కథలోకి వెళ్దాం. అమెరికాలో అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ సిటీ. 1955 డిసెంబర్ 1, సాయంత్రం. రోజా పార్క్స్ అనే 42 ఏళ్ల నల్లజాతి మహిళ పని అయ్యాక బస్సెక్కింది. ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో బట్టలు కుట్టే పని ఆమెది. ఉద్యోగం అది కానీ, అప్పటికే చాలా ఏళ్లుగా పౌర హక్కుల కోసం పనిచేస్తోంది. ఎన్ఏఏసీపీ అనే సంస్థకి లోకల్ సెక్రటరీ కూడా.

ఆ ఊరి బస్సుల్లో రూల్ ఎలా ఉండేదో వినండి. బస్సులో మొత్తం 36 సీట్లు. ముందు 10 తెల్లవాళ్లకి. అవి ఖాళీగా ఉన్నా నల్లవాళ్లు కూర్చోకూడదు. వెనక 10 నల్లవాళ్లకి. మధ్యలో 16 సీట్లు డ్రైవర్ ఎలా చెబితే అలా. మధ్య వరసలో ఒక్క తెల్లాయన కూర్చోవాలన్నా ఆ వరసలో ఉన్న నల్లవాళ్లు అందరూ లేవాలి, ఎందుకంటే ఒకే వరసలో ఇద్దరూ కలిసి కూర్చోకూడదు. విచిత్రం ఏంటంటే, బస్సెక్కేవాళ్లలో నాలుగింట మూడు వంతులు నల్లవాళ్లే. కంపెనీ నడిచేదే వాళ్ల డబ్బులతో.

ఆ రోజు రోజా పార్క్స్ కూర్చుంది మధ్య భాగంలో మొదటి వరసలో. ముందు సీట్లు నిండిపోయి ఒక తెల్లాయన నిలబడ్డాడు. డ్రైవర్ జేమ్స్ బ్లేక్ వచ్చి ఆ వరసలో నలుగురినీ లేవమన్నాడు. ముగ్గురు లేచారు. ఆమె పక్కన కిటికీ దగ్గర కూర్చున్నతను కూడా లేచాడు. ఆమె అతనికి దారి ఇచ్చింది. ఇచ్చి, తాను లేవకుండా, లోపలికి కిటికీ సీట్లోకి జరిగింది. పోలీసులు వచ్చి అరెస్ట్ చేసేదాకా అక్కడే ఉంది. ఆ కిటికీ సీటుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తా.

తర్వాత జరిగింది స్పీడ్‌గా చెప్తా. డిసెంబర్ 5 నుంచి ఆ ఊరి నల్లవాళ్లు బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు. నడిచారు, కార్లు షేర్ చేసుకున్నారు. ఆ ఉద్యమంలోనే మార్టిన్ లూథర్ కింగ్ అనే 26 ఏళ్ల పాస్టర్ దేశానికి పరిచయమయ్యాడు. 1956 నవంబర్‌లో సుప్రీం కోర్టు ఆ బస్సు రూల్స్ చెల్లవని తేల్చింది. ఇంకో మాట కూడా చెప్పాలి. రోజా పార్క్స్‌కి తొమ్మిది నెలల ముందే, అదే ఊళ్లో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల స్కూల్ అమ్మాయి సీటు ఇవ్వనందుకు అరెస్ట్ అయింది. సుప్రీం కోర్టుకి వెళ్లిన కేసులో పిటిషనర్లలో ఒకరు ఆ అమ్మాయే.

ఇప్పుడు బస్సు సంగతి. నంబర్ 2857. జనరల్ మోటార్స్ కంపెనీ 1948 మార్చిలో మిషిగన్ రాష్ట్రం పాంటియాక్‌లో తయారు చేసింది. మోడల్ పేరు టీడీహెచ్-3610. టీ అంటే ట్రాన్సిట్, అంటే సిటీ బస్సు. డీ అంటే డీజిల్. హెచ్ అంటే హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్. 36 అంటే సీట్లు. మొదట ఇండియానా రాష్ట్రంలో టెర్రె హాట్ అనే ఊళ్లో తిరిగింది. 1954లో మాంట్‌గోమరీకి వచ్చింది. అంటే ఆ సాయంత్రానికి అది ఏడేళ్ల వయసున్న సెకండ్ హ్యాండ్ బస్సు. ఎవరూ రెండోసారి తిరిగి చూడని మామూలు బండి.

1970ల మొదట్లో దాన్ని సర్వీసు నుంచి తీసేశారు. ఆ ప్రాంతం మనిషి ఒకాయన కొనుక్కున్నాడు. రోజా పార్క్స్ ఎక్కిన బస్సు ఇదేనని కంపెనీ వాళ్లే ఆయనకి చెప్పారట. ఆయన పొలంలో పెట్టి స్టోర్ రూమ్‌లా వాడుకున్నాడు. ఇది కూడా ఒకరకం బస్ కన్వర్షనే కదా. పాత బస్సుని కొందరు ఇల్లుగా మారుస్తారు, కొందరు ఫుడ్ ట్రక్‌గా. 2020లో కోవిడ్ టైంలో మన ఏపీఎస్ఆర్టీసీ కొన్ని బస్సుల్ని ‘సంజీవని’ పేరుతో శాంపిల్స్ తీసుకునే బస్సులుగా మార్చింది. ఇక్కడ మాంట్‌గోమరీలో చరిత్ర కాస్తా కలప షెడ్డు అయిపోయింది.

మరి పొలంలో నిలబెట్టిన బస్సుకి ఏమవుతుంది? అందరూ తుప్పు తినేసింది అంటారు. నిజానికి మొదట తినేది నీళ్లు. నీళ్లకి దారి కిటికీ.

కిటికీ అద్దం చుట్టూ రబ్బరు ఉంటుంది. ఎండకి అది గట్టిపడి, చిట్లి, సందులు వస్తాయి. వాన నీళ్లు అద్దం మీద నుంచి జారి, ఆ సందులోంచి గోడ లోపలికి దిగుతాయి. పైకి మీకు ఏమీ కనపడదు. లోపల ప్యానెల్ వెనక దిగి దిగి, గోడ అడుగున, ఫ్లోర్ కలిసే చోట నిలిచిపోతాయి. అందుకే పాత బస్సుల్లో కిటికీ కింద చూస్తే తుప్పు ఎక్కువ కనిపిస్తుంది. లీకు ఒకచోట, తుప్పు ఇంకోచోట. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఇదే చూశా. ఎర్రర్ కనిపించే ఫైల్ ఒకటి, బగ్ ఉన్న ఫైల్ వేరే.

బీటెక్ ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో కరోజన్ చాప్టర్ గుర్తుందా? ఇనుము, ఆక్సిజన్, నీళ్లు కలిస్తే తుప్పు. తుప్పుకి అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అందుకే అది ఉబ్బి పెయింట్‌ని లేపేస్తుంది, రివెట్‌ని వదులు చేస్తుంది. పైగా తుప్పు పొర గుల్లగా ఉంటుంది, తేమని పట్టి ఉంచుతుంది. అల్యూమినియం అలా కాదు, దాని ఆక్సైడ్ పొర దానికే కవచంలా పనిచేస్తుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. ఆ తరం జీఎం బస్సులకి లారీలాగా విడిగా ఛాసిస్ లేదు. విమానంలాగా, రివెట్లు కొట్టిన అల్యూమినియం రేకు కూడా బరువు మోస్తుంది. అల్యూమినియం, స్టీలు ఆనుకుని ఉన్నచోట తేమ చేరితే అదొక చిన్న బ్యాటరీ అయిపోతుంది. గాల్వానిక్ కరోజన్ అని చదువుకున్నాం కదా, అదే. మామూలుగా తనని తాను కాపాడుకునే అల్యూమినియమే అక్కడ అరిగిపోతుంది. బరువు మోసే రేకు అరిగిందంటే అది అందానికి సంబంధించిన రిపేర్ కాదు, బస్సు నిలబడుతుందా లేదా అన్న రిపేర్.

సరే, ఈ తుప్పు బండే ఆ బస్సు అని రుజువేంటి? బస్ స్టేషన్ మేనేజర్ ఒకాయన బాయ్‌కాట్ రోజుల్లో పేపర్ కటింగ్స్ అంటించిన పుస్తకం ఒకటి దొరికింది. అరెస్ట్ వార్త పక్కన ఆయన చేత్తో రాసుకున్నాడు: బ్లేక్, 2857. అంతే. మ్యూజియం వాళ్లు ఫోరెన్సిక్ ఎక్స్‌పర్ట్‌తో ఆ పుస్తకాన్ని పరీక్ష చేయించి, అసలుదే అని తేల్చుకున్నాకే వేలంలోకి దిగారు. 2001 అక్టోబర్‌లో ఆన్‌లైన్ వేలం. స్మిత్సోనియన్ సంస్థ, డెన్వర్ సిటీ కూడా పోటీ పడ్డాయి. చివరికి డెట్రాయిట్ పక్కన డియర్‌బోర్న్‌లో ఉన్న హెన్రీ ఫోర్డ్ మ్యూజియం గెలిచింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కోడ్ రాసేవాళ్లకి తెలుసు, రీస్టోర్ అనగానే ఏ వెర్షన్‌కి అని అడగాలి. ఈ బస్సుకి మూడు వెర్షన్లున్నాయి. 1948: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తళతళలాడే కొత్త బస్సు. 1955: ఏడేళ్లు తిరిగి కొంచెం అరిగిన సిటీ బస్సు. 2001: పొలంలో దొరికిన శిథిలం.

2001లో ఉన్నట్టే ఉంచేద్దాం అనడానికి గట్టి కారణం ఉంది. ఒక దేశం తన చరిత్రని ముప్పై ఏళ్లు వానలో వదిలేసింది అనడానికి ఆ తుప్పే సాక్ష్యం. దాన్ని గీకేస్తే ఆ సాక్ష్యం పోతుంది. 1948కి తీసుకెళ్తే చూడ్డానికి బావుంటుంది, కానీ అబద్ధం. రోజా పార్క్స్ ఎక్కింది కొత్త బస్సు కాదు.

మ్యూజియం 1955ని ఎంచుకుంది. సేవ్ అమెరికాస్ ట్రెజర్స్ పథకం కింద 2,05,000 డాలర్ల గ్రాంట్ వచ్చింది. పని జరిగింది ఆబర్న్ హిల్స్‌లో, అంటే బస్సు పుట్టిన పాంటియాక్ పక్క ఊళ్లోనే. 2003 ఫిబ్రవరిలో, రోజా పార్క్స్‌కి 90 ఏళ్లు నిండిన నెలలో, జనానికి తెరిచారు. తాడు కట్టి దూరం నుంచి చూడమనలేదు. ఎక్కొచ్చు, కూర్చోవచ్చు. 2012లో అప్పటి ప్రెసిడెంట్ ఒబామా వచ్చి ఆ బస్సులో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్న ఫొటో మీరు చూసే ఉంటారు.

నా ఒపీనియన్ చెప్తా. మ్యూజియం కరెక్ట్ అనే అనుకుంటున్నా. కారణం ఆ కిటికీ సీటు. అద్దాలు, సీట్లు లేని డొక్కులో ఆమె ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో ఎవరికీ అర్థం కాదు. పది సీట్లు అవతల ఖాళీగా ఉన్నా కూర్చోకూడదంటే ఎలా ఉంటుందో ఒక పిల్లాడికి చెప్పాలంటే, వాడు వెళ్లి కూర్చోవాలి. ఈ చరిత్ర జరిగిందే సీట్ల మధ్య దూరంలో. ఆ దూరం తిరిగి రావడానికి కొంత తుప్పు పోవాల్సిందే. కానీ ఒక షరతు. పొలంలో ఉన్నప్పటి ఫొటోలు పక్కనే ఉండాలి. ఆ ముప్పై ఏళ్లు కూడా కథే.

మీలో ఎవరైనా పాత బస్సుని ఇల్లుగానో క్యాంపర్‌గానో మారుస్తుంటే, ఇదే లాజిక్ పనికొస్తుంది. ముందు లీకు, తర్వాత తుప్పు. కిటికీ విప్పి, పాత సీలెంట్ మొత్తం గీకి, రబ్బరు కింద ఫ్రేమ్ ఎలా ఉందో చూడండి. కొత్త రబ్బరు బిగించాక పైపుతో నీళ్లు కొట్టి చూడండి, కింద నుంచి మొదలుపెట్టి పైకి. అప్పుడే లీకు ఎక్కడుందో తెలుస్తుంది. పలచబడ్డ రేకు కోసేసి కొత్తది వేయండి. గట్టిగా ఉన్నచోట మెటల్ కనిపించేదాకా గీకి, ప్రైమర్ కొట్టి, అప్పుడు పెయింట్. లీకు అలాగే ఉంచి పైన రంగు వేశారంటే పైన పటారం, లోన లొటారం. రెండు వానాకాలాల్లో మళ్లీ మొదటికే వస్తారు. అన్నిటికంటే ముందు, ఒక్క పని. ఏదైనా విప్పే ముందు ఫొటోలు తీయండి, నంబర్ ప్లేట్లు, స్టిక్కర్లు, లోపల ఎవరైనా రాసిన రాతలు, అన్నీ. 2857ని కాపాడింది ఎవరో రాసుకున్న నాలుగు అంకెలే.

డెట్రాయిట్ చుట్టుపక్కల, ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు. వీకెండ్ ఖాళీ ఉంటే డియర్‌బోర్న్ వెళ్లి రండి. పిల్లల్ని ముందు సీట్లో కాదు, మధ్య భాగంలో మొదటి వరసలో, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి.