గిలకల పండగ, ఒక అమ్మాయి బడి

వానలు వెనకబట్టి, పొద్దున్నే గాలిలో కాస్త చల్లదనం మొదలయ్యే రోజులంటే నాకు చాలా ఇష్టం. బుట్టల్లో సీతాఫలాలు వస్తాయి. మా అనంతపురంలో బండ్ల మీద పచ్చి చెనిక్కాయలు వస్తాయి. మా పుట్టింటి వైపు, అంటే కృష్ణా జిల్లాలో, వాటిని వేరుశనగ కాయలంటాం. పెళ్ళయి ఇక్కడికి వచ్చి పన్నెండేళ్ళయింది కదా, ఇప్పుడు నా నోట కూడా చెనిక్కాయలే వస్తోంది.

అయితే ఈ రోజులతో పాటే దసరా సెలవులు కూడా వస్తాయి. మా పెద్దది మూడో తరగతి, చిన్నాడు యూకేజీ. ఇద్దరూ ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికి ఇంత ఉప్పేసి కుక్కర్లో కాయలు ఉడకబెట్టి ముందు పెడితేనే ఓ అరగంట నిశ్శబ్దం. తొక్కలన్నీ హాలు నిండా. అవి ఊడ్చేసరికి మళ్ళీ యుద్ధం మొదలు.

సరస్వతీ పూజ రోజు ఇద్దరూ చాలా బుద్ధిమంతులు. పుస్తకాలు దేవుడి దగ్గర పెట్టేస్తే ఆ రోజు చదవక్కర్లేదని మా పెద్దదాని లెక్క. ఉన్న పుస్తకాలన్నీ తెచ్చి పెట్టింది, హోంవర్క్ డైరీతో సహా. ఈసారి ఆ రోజే మా నాన్న వీడియో కాల్ చేశారు. మాటల్లో మాటగా, "మా చిన్నప్పుడు దసరా అంటే గిలకలమ్మా" అన్నారు. ఇక పిల్లలు వదల్లేదు. గిలకలంటే ఏంటి తాతయ్యా, ఎలా ఉంటాయి తాతయ్యా అని ఒకటే గోల.

వెదురు బద్దలతో విల్లులాగా కట్టి, రంగు కాగితాలు అతికిస్తారు. దాంట్లో బుక్కాగుండ, పూలరేకులు పెట్టి లాగి వదిలితే ఎదుటివాళ్ళ మీద చిమ్ముతాయి. పంతులుగారు బడి పిల్లలందరినీ వెంటేసుకుని ఇంటింటికీ తిరిగేవారట. పిల్లలు దసరా పద్యాలు పాడేవాళ్ళు. ఇంటివాళ్ళు పంతులుగారికి డబ్బులు, పిల్లలకి పప్పు బెల్లాలు ఇచ్చేవాళ్ళు. ఇది యాభైలలో మా నాన్న ఊళ్ళో మాట. మా నాయనమ్మ చేటలో పుట్నాల పప్పు, బెల్లం ముక్కలు కలిపి పెట్టుకుని గడప దగ్గర నిలబడేదట. ఇప్పటి పిల్లలకి ఇదంతా ఒక కథలా ఉంది.

"మరి పెద్ద తాతమ్మ కూడా గిలక పట్టుకుని వెళ్ళిందా?" అని మా పెద్దది అడిగింది. పెద్ద తాతమ్మ అంటే నాన్నవాళ్ళ అక్క. మా మేనత్త.

నాన్న కాసేపు మాట్లాడలేదు. "లేదమ్మా. రెండో తరగతి తర్వాత అక్కని బడి మానిపించారు, చిన్నపిల్లల్ని ఎత్తుకోవడానికి. నా గిలకకి కాగితాలు మాత్రం ఏటా అక్కే అతికించేది, మెత్తటి అన్నంతో" అన్నారు.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. మేము చిన్నప్పుడు సెలవులకి వెళ్తే మా అత్త ఆ దసరా పద్యాలన్నీ తడుముకోకుండా చెప్పేది. బడిలో నేర్చుకుంది కాబోలు అనుకునేదాన్ని. కాదన్నమాట. తలుపు వెనక నిలబడి ఏటా విని నేర్చుకుంది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, మావారు ఎప్పుడో కొని అలమారలో పెట్టిన ఒక పుస్తకం తీశాను. ధరంపాల్ గారి 'ది బ్యూటిఫుల్ ట్రీ', 1983లో వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ చదువులు రాకముందు మన వీధిబడులు ఎలా ఉండేవో అప్పటి కలెక్టర్లు రాసిన నివేదికలన్నీ అందులో ఉన్నాయి. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే కదా అని ఇన్నాళ్ళూ తెరవలేదు. తెరిస్తే అందులో అచ్చంగా మన పిల్లలే ఉన్నారు!

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎంతమంది చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లకి చెప్పించాడు. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా సంగతి వివరంగా రాశాడు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు అచ్చు వేయించిన క్యాంప్‌బెల్ ఈయనే. అప్పట్లో మా అనంతపురం కూడా బళ్ళారి జిల్లాలోదే. 1882లో వేరే జిల్లా అయింది. అంటే ఆయన రాసింది నేను ఉంటున్న ఈ నేల గురించే.

పిల్లాడికి అయిదో ఏడు రాగానే మంచిరోజు చూసి, పంతులుగారినీ బడి పిల్లలనీ ఇంటికి పిలిచేవాళ్ళట. వినాయకుడి ఎదురుగా కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని బియ్యంలో రాయించేవారు. మా చిన్నాడికి రెండేళ్ళ కిందట మేము చేసిందీ అదే కదా! వాడు రాయడం మానేసి బియ్యం గుప్పిళ్ళతో చల్లాడనుకోండి, అది వేరే సంగతి.

బడి పొద్దున ఆరింటికే. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా. అంటే పొగడక్కర్లేదు, తిట్టక్కర్లేదు అని. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత ఎంత ఆలస్యమైతే అన్ని! ఇది చదివి నాకు ఒకటే నవ్వు. స్కూలు బస్సు హారన్ కొడుతుంటే ఒక చేత్తో జడ, ఇంకో చేత్తో టిఫిన్ బాక్సు మూత పెట్టే మనలాంటివాళ్ళ పిల్లలకి రోజూ ఎన్ని దెబ్బలు పడేవో. మాట వినని పిల్లల్ని చేతులు కట్టి దూలానికి వేలాడదీసేవారని కూడా రాశాడు. మన పెద్దవాళ్ళు కోదండం వేయడం అనేది అదే. గుంజీలు కూడా అప్పటికే ఉన్నాయి. అక్కడ మాత్రం నవ్వు రాలేదు.

పిల్లలు ముందు ఇసుకలో వేలితో రాసి నేర్చుకునేవారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పేవాళ్ళు. తక్కువ ఖర్చుతో బాగా నడిచే ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు.

ఇక లెక్కలు. బళ్ళారి జిల్లాలో ఉన్న బడులు 533. వాటిలో తెలుగువి 226, కన్నడవి 235. చదివే పిల్లలు 6,641 మంది. జిల్లా జనం తొమ్మిది లక్షల పైమాటే. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? 60. తప్పు చదివానేమోనని మళ్ళీ చూశాను. అరవై మందే.

మిగతా ఆడపిల్లలు ఎక్కడున్నారో కలెక్టరు రాయలేదు. నాకు మాత్రం తెలుసనిపించింది. మా అత్తలాగా చంకన ఒక పిల్లాణ్ణి వేసుకుని తలుపు వెనక ఉండి ఉంటారు. భండారు అచ్చమాంబ గారి గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 1874లో పుట్టారు. ఆమె బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. అలా నేర్చుకునే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని స్త్రీల చరిత్రలు రాశారు. ఆమెకి పక్కన కూర్చోబెట్టుకునే తమ్ముడు దొరికాడు. మా అత్తకి గిలకకి కాగితాలు అతికించే పని దొరికింది.

ఇంకో మాట నాకు బాగా గుచ్చుకుంది. ఈ 533 బడుల్లో ఒక్కదానికి కూడా సర్కారు నుంచి సాయం లేదని, అలా చెప్పడానికి సిగ్గుగా ఉందని ఆ కలెక్టరే రాశాడు. పంతులు బతకాలంటే పిల్లల ఇళ్ళవాళ్ళు ఇచ్చేదే ఆధారం. మా నాన్న చెప్పిన గిలకల ఊరేగింపు అప్పుడు అర్థమైంది నాకు. అది పిల్లల ఆట ఒక్కటే కాదు, పంతులుగారి ఇంట్లో పొయ్యి వెలిగే లెక్క కూడా. ఇంటింటి గడప దగ్గరా ఊరు బడికి జీతం కట్టేది.

ఆ గడపలే చితికిపోతే? అదీ రాశాడాయన. సీమ బట్టలు వచ్చి నేతపనివాళ్ళ బతుకులు దెబ్బతిన్నాయి. మధ్యతరగతివాళ్ళూ పేదవాళ్ళూ పిల్లల చదువు ఖర్చు భరించలేకపోతున్నారు. చేతులు కాళ్ళు కాస్త ఆడగానే పిల్లల్ని పనిలో పెట్టుకోవలసి వస్తోంది. పిల్లల్ని బడి మాన్పిస్తున్నది ఇష్టం లేక కాదు, గతిలేక అని దాని భావం.

పుస్తకం అక్కడ మూసేశాను. ఇంక చదవబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ మాటలు నేను అంతకు రెండు రోజుల ముందే మా వంటింట్లో విన్నాను.

మా ఇంట్లో పనికి వచ్చే ఆమెకి పదకొండేళ్ళ కూతురుంది, ఆరో తరగతి. సెలవులు కదా అని తల్లి వెంట మా ఇంటికి వస్తోంది. ఆ రోజు వాళ్ళమ్మ గిన్నెలు తోముతూ, "సెలవులైనాక కూడా పదైదు దినాలు దీన్ని బడికి పంపనక్కా. మా అన్న వాళ్ళ ఊర్లో కాయలు ఒలిచే పనుంది. ఇద్దరం పోతే రెండు కూలీలొస్తాయి" అంది. నేను "అవునా" అన్నాను, అంతే. పోయినేడు కూడా ఇలాగే వెళ్ళింది ఆ పిల్ల. పదిహేను రోజులన్నది నెలైంది. తిరిగొచ్చాక లెక్కలు అర్థం కావట్లేదని బడంటేనే భయపడింది. అది తెలిసి కూడా "అవునా" అని ఊరుకున్నాను. చెనిక్కాయలు ఒలుచుకుంటూ మా పిల్లలు హాల్లో టీవీ చూస్తున్నారు. ఆ కాయలు ఎవరి చేతుల మీదుగా వస్తాయో నాకు ఆ రోజు తట్టలేదు.

మర్నాడు ఆమెతో మాట్లాడదామని కూర్చోబెట్టాను. చదువు గొప్పదనం గురించి ఏదో చెప్పబోయాను. ఆమె మర్యాదగానే విని, "నాకు తెలీదా అక్కా? నాకేమన్నా అది కూలికి పోవాలని ఉందా?" అంది. నాకు మాట రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆమె జీతం పెంచి మూడేళ్ళయింది. మా పిల్లల స్కూలు ఫీజు ఈ మూడేళ్ళలో ఏటా పెరిగింది. గొణుక్కుంటూనైనా కట్టాం. ఈమె అడగలేదు కాబట్టి నేను పెంచలేదు. పాలు, గ్యాసు, ఉల్లిపాయలు అన్నిటి ధరలూ నాకు నోటికొచ్చు, ఇదొక్కటే మర్చిపోయాను. మర్చిపోయానని చెప్పుకుంటున్నాను గానీ, అది నిజం కాదేమో.

మావారితో చెప్పి ఆ నెల నుంచే పెంచాం. పెద్ద గొప్పేం కాదండీ, ఇవ్వాల్సిందే ఆలస్యంగా ఇచ్చాం. ఈ నెలకి మాత్రం ఆ పిల్ల కూలి కూడా లెక్కగట్టి ఇచ్చాను, పండగ మామూలు అని. "ఎందుకక్కా ఇంత?" అంది. "మా వైపు దసరాకి బడి కోసం ఇస్తారు" అన్నాను. అబద్ధం కాదు కదా!

సెలవుల్లో చివరి మూడు రోజులు మా హాలే వీధిబడి. అరచేతిలో సరస్వతి కథ చెప్పానో లేదో, మా పెద్దది పంతులమ్మ అయిపోయింది. పొద్దున ఆరింటికి కాదు గానీ తొమ్మిదింటికి. తల్లితో పాటు వచ్చే ఆ అమ్మాయే మూడు రోజులూ ముందొచ్చేది. మావాళ్ళు అప్పుడే నిద్ర కళ్ళతో పాలు తాగుతుండేవాళ్ళు. పెద్దది స్కెచ్ పెన్నుతో ఆ అమ్మాయి చేతిలో "సరస్వతి" అని రాసేది. మా చిన్నాడికి సున్నా. రెండో రోజు వాడు తనకీ సరస్వతి కావాలని ఏడ్చి, రెండు చేతుల మీదా రాయించుకున్నాడు. మధ్యాహ్నం ఆ అమ్మాయీ మా పెద్దదీ కూర్చుని భాగహారాలు చేశారు. మూడో తరగతి లెక్కలే. ఆరో తరగతి పిల్లకి అవే కష్టంగా ఉన్నాయి. నేను పక్కన కూర్చుని కాయలు ఒలుస్తూ చూశాను.

బడి తెరిచిన రోజు ఆ అమ్మాయి యూనిఫాం వేసుకుని మా గేటు ముందు నుంచే వెళ్ళింది. మా పెద్దది బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ పిల్ల కూడా ఊపింది. అరచేతిలో ముందురోజు రాత ఇంకా పూర్తిగా పోలేదు.

వారం గడిచింది. రోజూ వెళ్తోంది. రేపు వాళ్ళింట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏమవుతుందో నేను చెప్పలేను. సంక్రాంతికో, వచ్చే దసరాకో మళ్ళీ ఆ మాట వస్తుందేమో కూడా. వస్తే మాత్రం ఈసారి "అవునా" అని ఊరుకోను.

మొన్న మా అత్తకి ఫోన్ చేశాను. ఎనభై దాటింది. దసరా పద్యాలు గుర్తున్నాయా అంటే మొత్తం చెప్పింది, ఒక్క ముక్క తప్పకుండా. మా పెద్దది పక్కన కూర్చుని నోటు పుస్తకంలో రాసుకుంది. రాయడం అయ్యాక, "పెద్ద తాతమ్మా, ఈసారి మనం గిలక చేద్దాం. కాగితాలు నేను అతికిస్తా, నువ్వు పట్టుకో" అంది.

అత్త చాలాసేపు నవ్వుతూనే ఉంది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి కూడా ఇలాంటివి గుర్తుంటే పిల్లల చేత అడిగించండి. మీ ఇంట్లో పనిచేసే ఆమె పిల్లలు ఏ తరగతో, సెలవులయ్యాక బడికి వెళ్తున్నారో లేదో కూడా ఒకసారి అడగండి. నాకు ఈ మాట అడగడానికి మూడేళ్ళు పట్టింది.